విక్టోరియా హాల్‌ని ఫిల్మ్ మీద తీయాలంటే: ఒక్క ఫ్రేమ్‌లో ఎంత టైమ్ పడుతుంది?

చెన్నై సెంట్రల్లో దిగి బయటికి రాగానే తెల్లగా మెరిసే రిపన్ బిల్డింగ్‌ని అందరూ చూస్తారు, సెల్ఫీలు కూడా దిగుతారు, దాని పక్కనే ఎర్ర ఇటుకలతో, పైన కేరళ కప్పులాంటి టవర్‌తో ఉన్న బిల్డింగ్ మాత్రం చాలామందికి పట్టదు. అది విక్టోరియా పబ్లిక్ హాల్. దాంతో మనవాళ్లకి ఉన్న సంబంధం తెలిస్తే కనీసం ఒకసారి తల తిప్పి చూస్తారేమో. 1883లో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా ఆనంద గజపతి. డిజైన్ రాబర్ట్ ఫెలోస్ చిషోమ్‌ది, కట్టింది నంపెరుమాళ్ చెట్టి. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరస వినోదిని సభ మద్రాసొచ్చి తెలుగు నాటకాలు ఆడితే, అవి చూసి "మన తమిళంలో ఇలాంటివి ఎందుకు ఉండకూడదు" అని పట్టుదలతో పమ్మల్ సంబంధ ముదలియార్ 1891లో సుగుణ విలాస సభ పెట్టాడు, ఆ సభ ఏళ్ల తరబడి ఈ హాల్లోనే నాటకాలాడింది. 1897లో వివేకానందుడు ఇక్కడే ఉపన్యాసం ఇచ్చాడు. మద్రాసు జనం సినిమా అనే వింతని మొదట చూసిన చోటు కూడా ఇదే, 1890ల చివర్లో.

ఇప్పుడు దీన్ని ఫొటో తీయాలి. ఫోన్‌తో తీస్తే పది సెకన్లలో అయిపోతుంది, ఇటుకలు ఇటుకల్లా, స్తంభాలు స్తంభాల్లా నీట్‌గా వస్తాయి. కానీ అందులో వచ్చింది బిల్డింగ్, నాటకాల హాలు రాలేదు. గుడిని తీస్తే దేవుడుంటాడు, కోటని తీస్తే గోడే దాని కథ, నాటకశాలకి మాత్రం అసలు కథంతా అక్కడ జరిగి అయిపోయినదాంట్లో ఉంది, అది ఎప్పుడో తెర దించేసుకుని వెళ్లిపోయింది. మిగిలింది ఖాళీ డబ్బా. ఈ చిక్కు వల్లే ఇలాంటి చోట్లకి వెళ్లేవాళ్లు ఫిల్మ్ పట్టుకుని రకరకాల ప్రయోగాలు చేస్తుంటారు, లాంగ్ ఎక్స్‌పోజర్ (షటర్‌ని చాలాసేపు తెరిచి ఉంచడం), పిన్‌హోల్, డబుల్ ఎక్స్‌పోజర్, ఇన్‌ఫ్రారెడ్, రెడ్‌స్కేల్, ఫిల్మ్ సూప్, కాఫీలో డెవలప్ చేయడం, బీర్ క్యాన్‌తో సోలార్‌గ్రఫీ... కొత్తగా వచ్చినవాళ్లకి ఇవన్నీ ఒకే గాటన కట్టేసి "ఎక్స్‌పెరిమెంటల్" అని చెప్పేస్తారు, వాళ్లు కూడా ఏది చేతికొస్తే అది చేసేసి, ఫొటో వింతగా ఉందా లేదా అని చూసుకుంటారు.

నాకు తెలిసి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ టెక్నిక్ టైమ్‌ని ఏం చేస్తోంది? కొన్ని టైమ్‌ని సాగదీస్తాయి. కొన్ని ఒక టైమ్ మీద ఇంకో టైమ్ పేరుస్తాయి. కొన్నింటికి టైమ్‌తో పనే లేదు, రంగు మారుస్తాయి, మరకలు వేస్తాయి, అంతే. నాటకాల హాలుకి మొదటి రెండూ పనికొస్తాయి, మూడోది చాలావరకు అలంకారం. కోపం రావచ్చు కొంతమందికి, ఎందుకంటానో కింద చెప్తా.

ముందు సాగదీయడం. ఈ విషయంలో అందరూ చెప్పే పేరు జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోతో. 1970లలో మొదలుపెట్టి పాత సినిమా హాళ్లకి వెళ్లి, పెద్ద కెమెరా పెట్టి, సినిమా మొదలవగానే షటర్ తెరిచి సినిమా అయిపోగానే మూసేవాడు. రెండు గంటల సినిమా మొత్తం ఒకే నెగటివ్ మీద పడితే వచ్చేది ఏంటంటే, తెర మొత్తం తెల్లగా వెలిగిపోతుంది, ఆ తెర వెలుగులో హాలు గోడలూ, బాల్కనీలూ, నగిషీలూ మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. కథ మొత్తం ఒకచోట చేరి కథే లేకుండా పోయింది, ఆ కథ హాలుకి దీపంగా మిగిలింది. చెప్పడానికి ఇంత సింపుల్, ఆలోచన వచ్చినవాడికి దండం పెట్టాలి.

స్టేజ్ మీద మనుషులుంటే ఇది ఇంకోలా పనిచేస్తుంది. లెక్క చూద్దాం. షటర్ పది నిమిషాలు తెరిచి ఉంది, ఒకాయన ఫ్రేమ్‌లో ఒకచోట పది సెకన్లు నిలబడి వెళ్లిపోయాడు. ఆ చోట పడిన మొత్తం వెలుగులో ఆయన వాటా అరవయ్యోవంతు, మిగతా యాభై తొమ్మిది వంతులూ ఆయన వెనకున్న గోడవి. అంటే ఆయన గోడ కంటే దాదాపు ఆరు స్టాప్‌లు వెనకబడ్డాడు (ఒక్కో స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది), ఫిల్మ్ దృష్టిలో ఆయన లేనట్టే. వెనక గోడ తెల్లగా ఉంటే ఆనవాలు కూడా ఉండదు, వెనక చీకటి ఉండి ఆయన తెల్ల పంచె కట్టుకుని ఉంటే మాత్రం పల్చటి పొగలా ఒక ఆకారం మిగులుతుంది. జనం దీన్నే "దెయ్యం ఎఫెక్ట్" అంటారు గానీ ఇందులో దెయ్యం ఏమీ లేదు, ఎవరు ఎక్కడ ఎంతసేపు ఉన్నారు, వాళ్ల వెనక ఎంత చీకటి ఉంది అనే రెండు లెక్కలే.

ఈ లెక్క కచేరీలో పెడితే భలే తమాషా జరుగుతుంది. మార్గళి సీజన్లో, అంటే డిసెంబర్, జనవరిల్లో చెన్నైలో కచేరీలు జోరుగా సాగే రోజుల్లో, ఒక చిన్న సభలో, నిర్వాహకుల పర్మిషన్‌తో, వెనక వరసలో గోడకి ఆనించి కెమెరా పెట్టి ఒక రాగం ఆలాపన మొత్తం ఒక్క ఫ్రేమ్ మీద తీసుకున్నా. వచ్చిన నెగటివ్‌లో గాయకుడి చేతులు లేవు, గాల్లో రాగాన్ని చెక్కుతూనే ఉంటాడు కదా, ఆ చేతులున్న చోట లేత మబ్బు. మొహం ఉంది గానీ కళ్లూ ముక్కూ కలిసిపోయాయి. వయొలిన్ ఒళ్లో ఉన్నంత మేర నిలబడింది, కమాను లేదు. మృదంగం ఆయన ఆలాపనలో ఖాళీయే కాబట్టి నడుము దాకా బాగానే ఉన్నాడు, తల మాత్రం ఊపుతూ ఉండటంతో రెండు తలలయ్యాయి. వెనకాల తంబూరా పట్టుకుని కూర్చున్న అమ్మాయి మాత్రం వెంట్రుక వెంట్రుకా తెలిసేలా వచ్చింది. ఆమె మాకు దూరపు చుట్టం, ప్రింట్ చూపిస్తే "అన్నయ్యా, స్టేజ్ ఫొటోలో నా మొహం ఫోకస్‌లో పడటం ఇదే ఫస్ట్ టైమ్, ఫ్రేమ్ కట్టించి ఇవ్వు" అంది. మామూలు ఫొటోలో ఎవరూ చూడని మనిషి ఇక్కడ సెంటరైపోయింది. నాట్యం కచేరీలో కూడా ఇంతే, డాన్సర్ మాయమైపోతుంది, పక్కన కూర్చున్న నట్టువాంగం, వేణువు వాళ్లు మిగులుతారు. స్టేజ్ మీద ఉండే పెద్దా చిన్నా తేడాని లాంగ్ ఎక్స్‌పోజర్ తలకిందులు చేసేస్తుంది, అది తీసేవాడి గొప్పేం కాదు, కదలనివాళ్లకే ఫిల్మ్ ఓటేస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది, చాలామందికి రోల్స్‌కి రోల్స్ ఖాళీగా వచ్చేసరికి ఫిల్మ్ మీద విరక్తి పుట్టేది కూడా ఇక్కడే. దాని పేరు రెసిప్రాసిటీ ఫెయిల్యూర్. మామూలుగా వెలుగు సగమైతే టైమ్ రెట్టింపు చేస్తే సరిపోతుంది, డిజిటల్లో అయితే అంతే. ఫిల్మ్‌లో సెకనులోపు వరకు ఈ లెక్క నడుస్తుంది, ఆ తర్వాత ఫిల్మ్ మొండికేస్తుంది. ఎందుకంటే ఫిల్మ్‌లో ఉండేది సిల్వర్ హేలైడ్ గింజలు, ఒక గింజ డెవలప్ అవ్వాలంటే దాని మీద ఒకే చోట కనీసం మూడో నాలుగో వెండి అణువులు గుంపుగా చేరాలి. మొదటి ఫోటాన్ వచ్చి ఒక అణువుని తయారుచేస్తుంది, కానీ ఒంటరి అణువు ఎక్కువసేపు నిలవదు, రెండోది త్వరగా వచ్చి తోడవ్వకపోతే అది మళ్లీ విడిపోయి మొదటికొస్తుంది. వెలుగు బాగా ఉన్నప్పుడు ఫోటాన్లు వెంటవెంటనే పడతాయి కాబట్టి గుంపు కట్టేస్తాయి, చీకటి హాల్లో ఒక్కొక్కటీ తీరిగ్గా వస్తుంటే వచ్చింది వచ్చినట్టు పోతుంటుంది. చిల్లు కుండలో బొట్టు బొట్టుగా నీళ్లు పోస్తే నిండనట్టు. అన్నట్టు ఈ గొడవ మీద 1900 ప్రాంతంలో కూర్చుని లెక్క తేల్చినవాడు కార్ల్ ష్వార్జ్‌చైల్డ్, అవును, బ్లాక్ హోల్స్ లెక్కల్లో వినిపించే ఆ ష్వార్జ్‌చైల్డే, నక్షత్రాల వెలుగుని ఫొటో ప్లేట్ల మీద కొలవడానికి ఆయనకి ఇది అవసరమైంది.

ఆయన లెక్కనే ఇవాళ ఫిల్మ్ కంపెనీలు కొంచెం మార్చి ఇస్తాయి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి, మీటర్ (వెలుగుని కొలిచేది) చూపించిన సెకన్లని 1.31 ఘాతానికి పెంచాలి, అంతే ఫార్ములా. ఫోన్ కాలిక్యులేటర్లో కొట్టేయొచ్చు. మీటర్ 10 సెకన్లంటే ఇవ్వాల్సింది 20, మీటర్ 1 నిమిషమంటే మూడున్నర నిమిషాలు, మీటర్ 4 నిమిషాలంటే దాదాపు 22 నిమిషాలు. చవగ్గా దొరికే ఫోమాపాన్ 100 ఇంకా ఘోరం, 10 సెకన్లకి 80 సెకన్లు అడుగుతుంది. ఫుజీ ఆక్రోస్ అయితే 2 నిమిషాల దాకా ఏ సవరణా అక్కర్లేదు. అందుకే ఫిల్మ్ ఎంచుకోవడం అంటే గ్రెయిన్ బాగుందా లేదా అన్నది తర్వాత, ఎంతసేపటి ఫొటో తీస్తున్నామో తేల్చుకోవడం ముందు. సరదా ఏంటంటే స్టేజ్ మీద మనుషుల్ని ఎక్కువ చెరిపేయాలి అనుకునేవాడికి ఫోమాపాన్ లోపమే సాయం, టైమ్ దానంతటదే సాగుతుంది.

పిన్‌హోల్ దగ్గర ఈ లెక్క ఎంత దూరం పోతుందో చూడండి. పిన్‌హోల్ అంటే లెన్స్ లేని డబ్బా, సన్నటి రేకుకి సూదితో చిన్న కన్నం. కన్నం నుంచి ఫిల్మ్‌కి 50 మిల్లీమీటర్ల దూరం ఉంటే బాగా షార్ప్‌గా వచ్చే కన్నం సైజు సుమారు 0.3 మిల్లీమీటర్లు, ఇంకా సన్నగా చేస్తే వెలుగు అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది, పెద్దది చేస్తే మసకవుతుంది. దూరాన్ని కన్నంతో భాగిస్తే ఎఫ్ 167 వస్తుంది, ఈ ఎఫ్ నంబర్ పెరిగే కొద్దీ లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది. ఇప్పుడు హాల్లోకి తలుపుల్లోంచి వచ్చే పగటి వెలుగు తప్ప ఏ లైటూ లేదనుకుందాం, ఐఎస్ఓ 400 ఫిల్మ్‌కి (ఐఎస్ఓ అంటే ఫిల్మ్‌కి వెలుగు ఎంత త్వరగా పడుతుందో చెప్పే నంబర్) మీటర్ ఎఫ్ 8 దగ్గర 1 సెకను చూపించింది. ఎఫ్ 167 దగ్గరికొస్తే అది 430 రెట్లు పైన, అంటే ఏడు నిమిషాల చిల్లర. దాన్ని హెచ్‌పీ5 ఫార్ములాలో పెడితే ముప్పావు గంట దాటింది, 48 నిమిషాలు దగ్గర. ఒక సెకను ఫొటో కాస్తా నాటకంలో రెండు అంకాలంత అయింది. ఈలోపు వాచ్‌మన్ వచ్చి లైట్ వేసి చూసి ఆపేసి వెళ్లినా ఫొటోకి పెద్ద తేడా రాదు, ఎవరో ఊడ్చుకుంటూ ఫ్రేమ్ మొత్తం దాటి వెళ్లినా కనపడరు. పిన్‌హోల్‌కి ఇంకో గుణం, దగ్గరున్న కుర్చీ, దూరంగా ఉన్న వేదిక రెండూ ఒకే మాదిరి షార్ప్‌నెస్‌తో వస్తాయి, అంటే రెండూ ఒకే మాదిరి కొంచెం మెత్తగా. ఫోకస్ ఎక్కడో ఒకచోట పెట్టి "ఇది చూడు" అని చెప్పే వీలు లేదు. ఖాళీ హాలుకి ఇది నాకు చాలా నచ్చిన విషయం.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. రెసిప్రాసిటీ నష్టం ఫ్రేమ్ మొత్తం ఒకేలా ఉండదు, చీకటి ఉన్నచోట ఎక్కువ, వెలుగున్నచోట తక్కువ. కాబట్టి ఎక్స్‌పోజర్ పెరిగే కొద్దీ కాంట్రాస్ట్, అంటే వెలుగుకీ చీకటికీ మధ్య తేడా కూడా పెరుగుతుంది. విక్టోరియా హాల్లో ఉత్తరం వైపూ దక్షిణం వైపూ స్తంభాల వరండాలు, పై అంతస్తులో తూర్పున చెక్క గ్యాలరీ. వరండా ఆర్చిల్లోంచి చెన్నై ఎండ మంటలా వస్తుంటుంది, గ్యాలరీ కింద చీకటి. అసలే తేడా ఎక్కువ, దాని మీద రెసిప్రాసిటీ తోడైతే ఆర్చిలు తెల్లటి బొక్కలు, గ్యాలరీ నల్లటి బొక్క. దీనికి పాతకాలం వైద్యం ప్రీ-ఫ్లాషింగ్. అసలు ఫొటోకి ముందే అదే ఫ్రేమ్ మీద, కెమెరాని ఫోకస్ లేకుండా ఒక తెల్ల కాగితం మీదకి తిప్పి, మీటర్ చూపించినదానికంటే మూడు, నాలుగు స్టాప్‌లు తక్కువగా చిన్న ఎక్స్‌పోజర్ ఇవ్వడం. దాంతో ప్రతి గింజకీ ఒకటి రెండు ఫోటాన్లు అప్పు ఇచ్చినట్టవుతుంది, ఆ తర్వాత చీకటి గ్యాలరీ నుంచి వచ్చే కాస్త వెలుగు కూడా వృథా పోకుండా గీత దాటుతుంది. ఎండ ఉన్న ఆర్చిలకి ఇప్పటికే బోలెడంత ఉంది కాబట్టి ఈ చిన్న అప్పు వాటికి లెక్కలోకి రాదు. ఇది కూడా డబుల్ ఎక్స్‌పోజరే నిజానికి, రెండో బొమ్మ లేని డబుల్ ఎక్స్‌పోజర్.

అసలైన డబుల్ ఎక్స్‌పోజర్‌కి వద్దాం, టైమ్ మీద టైమ్ పేర్చేది ఇదే. రూల్ అందరికీ తెలిసిందే, రెండు బొమ్మలు ఒకే ఫ్రేమ్ మీద వేస్తే ఒక్కోటి ఒక స్టాప్ తక్కువ, నాలుగైతే రెండు స్టాప్‌లు, ఎనిమిదైతే మూడు. ఈ రూల్‌ని స్టేజ్ ఫొటోలకి గుడ్డిగా పెడితే నష్టమే. ఎందుకంటే ఈ తగ్గింపు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడే అవసరం. నల్ల తెర ముందు ఒక్క స్పాట్‌లైట్‌లో కూచిపూడి డాన్సర్ ఉందనుకోండి, ఆమె చుట్టూ ఉన్న నలుపు ఫిల్మ్‌కి సున్నా. సున్నాకి ఎన్నిసార్లు సున్నా కలిపినా సున్నాయే. ఆమె ఎడమ నుంచి కుడికి కదులుతూ ఉంటే నాలుగు చోట్ల నాలుగుసార్లు నొక్కొచ్చు, నాలుగూ ఫుల్ ఎక్స్‌పోజర్, ఏ తగ్గింపూ లేదు, నాలుగు భంగిమలు పక్కపక్కన నిలబడతాయి. లైటింగ్ ఆయన వెనక తెర మీద నీలం లైటు వేశాడా, అయిపోయింది, నాలుగుసార్లు నీలం కలిసి తెర పాలిపోయి డాన్సర్ మునిగిపోతుంది. కాబట్టి ప్రోగ్రాంకి ముందు లైట్స్ వాళ్లని అడగాల్సింది "వెనకాల తెర వెలిగిస్తారా అన్నా" అని ఒక్కటే.

ఖాళీ హాలుకీ కచేరీకీ మధ్య పెళ్లి చేసేది ఇంకో పద్ధతి, ఒకే రోల్‌ని రెండుసార్లు తిప్పడం. 35 ఎంఎం రోల్ లోడ్ చేసేటప్పుడు ఫిల్మ్ మీద, కెమెరా గేట్ (ఫిల్మ్ మీద వెలుగు పడే కిటికీ) అంచు దగ్గర, మార్కర్‌తో ఒక గీత పెట్టుకోవాలి. మొత్తం రోల్ విక్టోరియా హాల్ మీద ఒక స్టాప్ తక్కువగా తీసేసి, రివైండ్ చేసేటప్పుడు ఫిల్మ్ మొదట్లో ఉండే నాలుక పూర్తిగా డబ్బా లోపలికి పోకుండా బయటే ఆపుకోవాలి. తర్వాత అదే రోల్‌ని గీతకి గీత కలిపి మళ్లీ లోడ్ చేసి సాయంత్రం సభలో కచేరీ మీద తీయాలి. ఒక్క ఫ్రేమ్ కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరాలో దానికి లివరే ఉంది, హోల్గా అనే ప్లాస్టిక్ కెమెరాలో అయితే ఫిల్మ్ తిప్పకుండా ఎన్నిసార్లైనా నొక్కొచ్చు.

ఇందులో కీలకం ఏంటంటే రెండో బొమ్మ కనిపించేది మొదటి బొమ్మలో చీకటిగా ఉన్నచోటే. ఎండలో తెల్లబడిన ఆకాశం మీద మీరు ఏ విద్వాంసుడిని తెచ్చి కూర్చోబెట్టినా కనపడడు, ఆ చోటు ఫిల్మ్ మీద ఇప్పటికే నిండిపోయింది. కాబట్టి పగలు తీసేటప్పుడే బిల్డింగ్‌లో నీడలు ఎక్కడున్నాయో చూసి ఫ్రేమ్ కట్టాలి. విక్టోరియా హాల్ ముందు నిలబడితే ఆ నీడలు వరండా ఆర్చిల్లో దొరుకుతాయి, బయట ఇటుక గోడ ఎండలో, ఆర్చి లోపల నల్లగా. రెండో రౌండ్‌లో వేదిక మీద మనుషులు ఫ్రేమ్‌లో ఏ ఎత్తులో పడాలో ఒక కాగితం మీద గీసుకుని వెళ్తే, గాయకులు సరిగ్గా ఆర్చి లోపల కూర్చున్నట్టు వస్తారు. మార్గళికి ఇది ఇంకా బాగా కుదురుతుంది, చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి డిసెంబర్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53, 54 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, దక్షిణం వరండాలోకి ఎండ ఏటవాలుగా దూరి స్తంభాల నీడలు పొడుగ్గా పరుస్తుంది. మే నుంచి జూలై దాకా మధ్యాహ్నం పూట సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరాన, ఆ నెలల్లో అదే వరండా చప్పగా ఉంటుంది. ఒక్క మాట, ఇలా చేసిన ఫొటో కింద "రెండు చోట్ల తీసింది" అని రాయడం మర్యాద. ఆ గాయకుడు ఆ హాల్లో పాడలేదు కదా, పాత హాళ్ల ఫొటోలు రేపు ఎవరో చరిత్ర అనుకుని వాడేసుకుంటారు.

ఇక మూడో రకం, ఏ వెలుగుని లెక్కలోకి తీసుకోవాలో మార్చేవి. రెడ్‌స్కేల్ అంటే కలర్ ఫిల్మ్‌ని తిరగేసి లోడ్ చేయడం, వెలుగు వెనకవైపు నుంచి వచ్చి ముందు ఎరుపు పొరని తాకుతుంది, నీలం పొర దాకా చేరేది తక్కువ, అందుకే బొమ్మంతా నారింజ రంగులోకి పోతుంది, దానికి రెండు మూడు స్టాప్‌లు ఎక్కువ వెలుగు కావాలి. సముద్రం మీదో చెట్ల మీదో బాగుంటుందేమో గానీ, ఎర్ర ఇటుక బిల్డింగ్ మీద రెడ్‌స్కేల్ వేస్తే ఇటుక, ఆకాశం, బస్సు అన్నీ ఒకటే రంగు, ఆ బిల్డింగ్‌కి ఉన్న ఒకే ఒక్క అందాన్ని మనమే తీసేసినట్టు. ఇన్‌ఫ్రారెడ్ మాత్రం అలా కొట్టిపారేయలేం. బయట ఆకులు తెల్లగా రావడం అందరికీ తెలుసు, లోపల సంగతి ఆసక్తిగా ఉంటుంది. పాత ఫిలమెంట్ స్టేజ్ లైట్లు కనపడే వెలుగు కంటే ఇన్‌ఫ్రారెడ్డే ఎక్కువ వదులుతాయి, ఆ వేడి అదే. ఇప్పుడు చాలా హాళ్లు ఎల్ఈడీకి మారిపోయాయి, తెల్ల ఎల్ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు లేదు. కాబట్టి 720 నానోమీటర్ ఫిల్టర్ పెట్టి రోలీ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్‌తో తీస్తే, పాత లైట్లు ఉన్న స్టేజ్ వెలిగిపోతుంది, ఎల్ఈడీ స్టేజ్ కటిక చీకటి. ఒక హాల్లో ఇంకా ఏ పాత బల్బులు మిగిలాయో ఈ ఫిల్మ్ పట్టిచ్చేస్తుంది, ఇది ఒకరకంగా టైమ్‌కి సంబంధించిన సంగతే అని ఒప్పుకుంటా.

ఫిల్మ్ సూప్ గురించి రెండు ముక్కలు. నిమ్మరసం, టీ, డిటర్జెంట్ ఇలాంటివాటిలో ఫిల్మ్‌ని నానబెట్టి ఆరబెట్టి డెవలప్ చేయడం. మరకలు బ్రహ్మాండంగా వస్తాయి, కాదనను. కానీ ఆ మరకలు మీ పెళ్లి ఫొటో మీద పడినా, మెరీనా మీద పడినా, విక్టోరియా హాల్ మీద పడినా అవే మరకలు, హాలుకీ వాటికీ ఏ చుట్టరికం లేదు. పైగా చాలా ల్యాబ్‌లు దాన్ని తీసుకోవు, వాళ్ల కెమికల్స్ పాడైపోతాయి, చెప్పకుండా ఇస్తే తర్వాతి వాళ్ల రోల్స్ మీ పుణ్యాన పోతాయి. చేసుకుంటే ఇంట్లోనే చేసుకోండి.

ఇంట్లో చేసుకోవడం అంటే చెన్నైలో ముందు ఎండతో యుద్ధం. బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌కి (ఫిల్మ్ మీద బొమ్మని బయటికి తెచ్చే కెమికల్) ప్యాకెట్ మీద రాసేది 20 డిగ్రీలు, మే నెలలో మన కుళాయి నీళ్లే 30 దాటి ఉంటాయి. 24 దాకా అయితే టైమ్ తగ్గించి నెట్టుకురావచ్చు, దానిపైన టైమ్ మరీ కుదించుకుపోయి ఫిల్మ్ మచ్చలు మచ్చలుగా వస్తుంది, కాబట్టి బకెట్‌లో ఐస్ గడ్డలు తప్పవు. రోడినాల్ అనే డెవలపర్‌ని నీళ్లలో 1:100 కలిపి గంటసేపు కదపకుండా వదిలేసే స్టాండ్ డెవలప్‌మెంట్ ఇలాంటి ఎక్కువ కాంట్రాస్ట్ హాళ్లకి చాలా మంచిది, ఎండ ఆర్చిల దగ్గర డెవలపర్ త్వరగా అరిగిపోయి ఆగిపోతుంది, గ్యాలరీ చీకట్లో మెల్లగా పని చేస్తూనే ఉంటుంది, కానీ గంటసేపు చల్లగా ఉంచగలిగితేనే. కాఫీతో డెవలప్ చేసే కాఫినాల్ సంగతి మన చెన్నైలో ప్రతివాడూ నవ్వుతూ అడుగుతాడు, ఫిల్టర్ కాపీ పోస్తే పనవుతుందా అని. పోయకండి, తాగండి. దానికి కావాల్సింది చవక ఇన్‌స్టెంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సి. పని చేసేది కెఫీన్ కాదు, కాఫీలో ఉండే కెఫిక్ యాసిడ్ లాంటి ఫినాల్స్, అవి ఇన్‌స్టెంట్‌లో వాడే రోబస్టాలో దండిగా ఉంటాయి. 1995లో అమెరికాలో రోచెస్టర్‌లోని ఒక కాలేజీ క్లాసులో ఇది పుట్టింది. కంపు మాత్రం భరించాలి. టైమ్‌తో సంబంధం లేని ప్రయోగమే ఇది కూడా, అయినా చవక కాబట్టి వదిలేస్తున్నా.

సభలో తీసేవాళ్లకి ఇంకో రెండు సంగతులు. ఏసీ హాల్లోంచి రాత్రి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, బ్యాగ్‌లోనే పావుగంట ఉంచి తీయండి, ఆ తడి లోపలికి వెళ్తే ఈ ఊరి గాలికి ఫంగస్ పట్టడం ఖాయం. అద్దం ఉన్న ఎస్‌ఎల్‌ఆర్ ఆలాపన మధ్యలో ఠప్పుమంటే ముందు వరస మామలందరూ ఒకేసారి వెనక్కి తిరుగుతారు, ట్విన్ లెన్స్ కెమెరా అయితే చిన్న టిక్, ఎవరికీ వినపడదు. లాంగ్ ఎక్స్‌పోజర్‌కి ఇది ఇంకో లాభం, కచేరీ మొత్తంలో రెండే శబ్దాలు, అవి కూడా చప్పట్లలో కలిపేయొచ్చు.

చివరగా సోలార్‌గ్రఫీ, అన్నింటికంటే పొడుగు టైమ్. బీర్ క్యాన్‌కి కన్నం చేసి లోపల ఫొటో పేపర్ పెట్టి నెలల తరబడి కట్టి వదిలేస్తే, రోజుకో గీత చొప్పున సూర్యుడి దారులన్నీ ఆ పేపర్ మీద పడతాయి, డెవలప్ చేయక్కర్లేదు, తీసి నేరుగా స్కాన్ చేసి రంగులు తిరగేస్తే చాలు. డిసెంబర్ చివర నుంచి జూన్ దాకా ఉంచితే విక్టోరియా హాల్ టవర్ మీదుగా దక్షిణపు గీతల నుంచి నడినెత్తి దాకా ఆరు నెలలు ఒకే కాగితం మీద వచ్చేస్తాయి. సిద్ధాంతం ఇంతే, సులువు. కానీ సెంట్రల్ స్టేషన్ పక్కన, కార్పొరేషన్ ఆఫీసైన రిపన్ బిల్డింగ్‌కి ఎదురుగా ఏదో స్తంభానికి నల్ల టేపు చుట్టిన డబ్బా కట్టి ఉందనుకోండి, మొదట వచ్చేది బాంబ్ స్క్వాడ్. కాబట్టి ముందే కార్పొరేషన్‌కి ఉత్తరం రాసి, ఏ గోడకి ఎన్నాళ్లు కడతామో చెప్పి, సంతకం ఉన్న కాగితం తెచ్చుకోండి, ఉట్టి నోటి మాట పర్మిషన్ షిఫ్ట్ మారగానే చెల్లదు, కొత్త వాచ్‌మన్ "పర్మిషన్ ఇరుక్కా సార్" అని మళ్లీ మొదటికొస్తాడు. డబ్బా మీద తమిళంలో "ఇది కెమెరా, ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాసి, ఆ కాగితం జిరాక్స్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పక్కనే అంటించండి. అలాంటివి ఒకటి కాదు నాలుగు కట్టండి, వానకి ఒకటి, కాకులకి ఒకటి పోయినా రెండు మిగులుతాయి.